రాంచందర్ వరండాకు అద్దాలు

ములుగు రోడ్డు ప్రజానీకానికి ముఖ్య గమనిక. ఇన్నేళ్లుగా ఎండకు, వానకు, వీధి కుక్కలకు బార్లా తెరిచి ఉన్న తన ఇంటి ముందు వరండాను ప్రజల సౌకర్యార్థం మూసేస్తున్నట్టు సీనియర్ నాయకులు శ్రీ రాంచందర్ శనివారం పొద్దున ప్రకటించారు. ప్రజల సౌకర్యార్థం ఏదో ఒకటి మూసేయడం ప్రభుత్వాలకు కొత్త కాదు. ఒక మనిషి సొంత జేబుతో ఆ పనికి పూనుకోవడం మాత్రం హనుమకొండలో అరుదు.

ప్రకటన వెలువడింది ఆ వరండాలోనే. హాజరైంది ఇద్దరు: ఆయన భార్య యమున, ఆమె చేతిలోని చాయ్ గ్లాసు. గ్లాసు మారుమాట్లాడలేదు. యమున మాట్లాడింది.

"మూస్తే జనం ఎట్లొస్తరు?"

"తలుపు పెట్టిస్తాన కదా. తలుపులకెళ్లి వస్తరు."

"ఇప్పుడు తలుపు లేకుంటనే వస్తాండ్లు కదా."

"గదే యమునా మన లోపం. తలుపు లేని కాడికి ఎవడైనా వస్తడు. తలుపు తీసుకొని వచ్చినోడే అసలు కార్యకర్త."

యమున గ్లాసు తీసుకొని లోపలికి పోయింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు రాంచందర్ భావించాడు.

రాంచందర్‌కు యాభై రెండేళ్లు. పార్టీ యువజన విభాగానికి ఇరవై ఏళ్లుగా ఉపాధ్యక్షుడు. "యువకులల్ల నాది సీనియారిటీ" అని తన మీద తానే జోకు వేసుకునేవాడు, ఇంకొకడు వేసేలోపు. పదవి రాకపోయినా పెదవి ఊరుకోని మనిషి. అడిగిన ప్రతి ఎన్నికలోనూ పార్టీ ఆయనకు టికెట్ తప్ప అన్నీ ఇచ్చింది. కండువా ఇచ్చింది, హామీ ఇచ్చింది, మైకు పనిచేస్తుందో లేదో చూడమని మైకు కూడా ఇచ్చింది. "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నంతవరకూ ఆయన ప్రసంగాన్ని అడ్డుకున్నవాడు ఉమ్మడి వరంగల్ జిల్లాలో లేడు.

అయినా రాంచందర్ నిరాశపడలేదు. కారణం, ఆ వరండా.

వాళ్ల నాయిన కట్టించింది. పైన సిమెంటు రేకులు, కింద షాబాద్ బండలు, కూర్చోవడానికి రెండు పక్కలా అరుగులు. మూడు వైపులా గోడ లేదు. ఇంజనీర్లు దాన్ని సిటౌట్ అంటారు. రాంచందర్ దాన్ని జనబలం అనేవాడు. పొద్దున ఏడు దాటిందంటే చాలు, పిలవకుండానే జనం. పల్లె బడులకు పోయే పంతుళ్లు, ఆస్పత్రి డ్యూటీకి పోయే నర్సమ్మలు, మార్కెట్లో కూరగాయలు కొని ములుగు దారి ఊళ్లల్లో అమ్ముకునే కట్టమ్మ, ఆమె గంప. అరుగులు నిండేవి, బండలు నిండేవి, మెట్ల మీద కాలు పెట్టే సందుండేది కాదు. ఈ మధ్య ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన కాడి నుంచి మహిళల్లో రాంచందర్ పలుకుబడి అమాంతం పెరిగిపోయింది.

ఎనిమిదిన్నర కాగానే రాంచందర్ ఇస్త్రీ నలగని తెల్ల బట్టల్లో, రెండు చేతులూ జోడించి బయటికి వచ్చేవాడు. వరండా మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడేది. "కూసోండ్లి, కూసోండ్లి" అనేవాడాయన. ఎవరూ కూర్చునేవారు కాదు. అంత మర్యాద. సరిగ్గా అదే నిమిషానికి ములుగు బస్సు రావడం, వాళ్లంతా అందులో ఎక్కి వెళ్లిపోవడం ఆయనకు రోజూ కనిపించేదే. దర్శనమైంది కనుక వెళ్తున్నారు, ఇంకేం కావాలి?

బస్సు తన జనానికి అడ్డంగా ఆగితే రోడ్డు మీద పోయేవాళ్లకు ఆ జనం కనపడదని, రాంచందర్ మెట్లు దిగి డ్రైవర్‌కు "ముందుకు, ముందుకు" అని చెయ్యూపేవాడు. బస్సు ముందుకు పోయి ఆగేది. జనం ఆయన్ని దాటుకుంటూ పోయి ఎక్కేవారు. ముసలివాళ్లకు చెయ్యందించేవాడు కూడా. ఒకప్పుడు అక్కడ బస్ షెల్టర్ కడతామని వచ్చిన వాళ్లను, "మా వరండాకు అడ్డమైతది" అని వెనక్కి పంపింది స్వయానా ఆయనే.

ఇప్పుడు కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. డివిజన్ టికెట్‌కు ఇద్దరు పోటీ: రాంచందర్, సుదర్శన్. సుదర్శన్‌కు శానిటరీ షాపుంది, షాపు వెనక ఆఫీసుంది, ఆఫీసులో సోఫా ఉంది, సోఫా మీద ప్లాస్టిక్ కవర్ ఇంకా ఉంది. ఎవరి దగ్గర జనముందో కళ్లారా చూసి టికెట్ ఖాయం చేయడానికి హైదరాబాద్ నుంచి రాజేశ్వర్ రావు అనే పరిశీలకుడు సోమవారం కాక పై సోమవారం వస్తున్నాడు. పొద్దున ఎనిమిది గంటలకు మొదట రాంచందర్ ఇంటికి, తర్వాత సుదర్శన్ ఆఫీసుకు.

"నాకు జనమున్నది, ఆఫీసు లేదు. వానికి ఆఫీసున్నది, జనం లేదు" అని లెక్క తీశాడు రాంచందర్. "వాడు జనాన్ని కొనలేడు. నేను ఆఫీసు కొనగల్గుత. ఇగ ఫికరేముంది?"

"వాళ్లు మీ కోసమే వస్తాండ్లంటరా?" అంది యమున, బియ్యం చెరుగుతూ.

"మరి నీ కోసం వస్తాండ్లా?"

"ఆయితారం ఎందుకు తక్కువొస్తరు?"

"ఆయితారం నాయకునికి రెస్ట్ ఇస్తరు. జనానికి ఆ మాత్రం దయ ఉంటది."

"సిటౌట్ మూసి, సీటు ఔట్ చేసుకునేరు" అంది యమున. పెళ్లయి పాతికేళ్లు దాటింది. ప్రాస అంటుకునే జబ్బు.

*

పని మొగిలికి అప్పగించారు. అల్యూమినియం స్లైడింగ్‌లో మొగిలిది పేరున్న చెయ్యి. టేపు పెట్టి కొలిచి, సెల్‌ఫోన్ తీసి అద్దాల ఫొటోలు చూపించాడు.

"ఇది మిర్రర్ గ్లాసన్నా. బయటోళ్లకు లోపట ఏం కనపడది. లోపటోళ్లకు బయటంత సాఫ్ కనపడ్తది."

"పోలీసోళ్ల లెక్కనా?"

"లీడర్ల లెక్క. మనం జనాన్ని సూడాలె, జనం మనల్ని సూడొద్దు."

ఆ మాట రాంచందర్‌కు బాగా నచ్చింది. మూడు వైపులా మిర్రర్ గ్లాస్ ఖరారైంది. సందుల్లో సిలికాన్ దిట్టంగా కొట్టించారు, దోమ కాదు కదా దాని రొద కూడా లోపలికి రాకుండా. అరుగులు కనపడకుండా ప్లైవుడ్ బిగించారు. బండల మీద తివాచీ పరిచారు. ఏసీ వచ్చింది. రాంచందర్ కుర్చీ రోడ్డు వైపు చూస్తూ, మిగతా కుర్చీలన్నీ రాంచందర్ వైపు చూస్తూ సర్దారు. తలుపు పక్కన బోర్డు: "ప్రజా సేవా కార్యాలయం. చెప్పులు బయట విడువవలెను."

పని జరిగినన్ని రోజులు జనం రోడ్డవతల, మూసిన షాపు షట్టర్ ముందు ఎండలో నిలబడ్డారు. రాంచందర్‌కు వాళ్లను చూస్తే గర్వంగా ఉండింది. ఆఫీసు ఎప్పుడు తెరుస్తారా అని ఎదురు చూస్తున్నారు పాపం!

గురువారం మంచి ముహూర్తంలో కొబ్బరికాయ కొట్టి, రిబ్బన్ కట్ చేసి, లోపలికి పోయి కూర్చున్నాడు. స్లైడింగ్ మూసుకుంది. ఏసీ గుర్రుమంది.

ఏసీ వేసినా ఏ సీటూ నిండలేదు.

కొంచెంసేపటికి రోడ్డవతలి నుంచి ఒక పంతులు నేరుగా ఆఫీసు వైపు నడిచొచ్చాడు. రాంచందర్ సర్దుకొని కూర్చున్నాడు. పంతులు అద్దం ముందర ఆగి, రాంచందర్ కళ్లలోకి సూటిగా చూసి, జేబులోంచి దువ్వెన తీసి పాపిడి దువ్వుకున్నాడు. రాంచందర్ నమస్కారం పెట్టాడు. పంతులు మీసం సవరించుకొని వెళ్లిపోయాడు. తర్వాత ఒక నర్సమ్మ వచ్చి బొట్టు సరిచేసుకుంది. రాంచందర్ నమస్కారం పెట్టాడు. ఇంకొకాయన వచ్చి నోరు బార్లా తెరిచి పళ్ల సందున ఇరుక్కున్న కరివేపాకు వేలితో తీసుకున్నాడు. దానిక్కూడా పెట్టాడు. ప్రజలు తమ సమస్యలను ఇంత దాపరికం లేకుండా ఏ నాయకుడికి చూపించి ఉంటారు?

లోపలికి మాత్రం ఎవరూ రాలేదు. చివరికి ఆయనే స్లైడింగ్ తీసి కట్టమ్మను పిలిచాడు.

"రా పెద్దమ్మా, ఇండ్ల కూసో. సల్లగుంటది."

"గంప?"

"గంప బయట పెట్టు."

"గంప బయటుండి నేను లోపటుండి ఏంజేస్త సారూ? ఆవు మేసిపోదూ?"

గంపకు ప్రత్యేక అనుమతి లభించింది. కట్టమ్మ చెప్పులు విడిచి, కుర్చీ అంచున, లేచిపోవడానికి వీలుగా కూర్చుంది. గంపలోని టమాటాలు ఏసీకి తేరుకున్నాయి. దొరికిన ప్రజను రాంచందర్ వదలదలుచుకోలేదు.

"పెద్దమ్మా, అందరినీ ముందుకు తీస్కపోవాలెనన్నదే నా ఆశయం."

"అవు సారూ. రోజు తీస్కపోతనే ఉంటివి."

రాంచందర్ కళ్లు చెమర్చాయి. ఇరవై ఏళ్లలో పార్టీ గుర్తించనిది ఒక్క కట్టమ్మ గుర్తించింది.

"నేను ఎవలకు అన్యాయం చేసినోన్ని కాదు."

"అబద్ధమెందుకాడాలె, ముసలోళ్లను చెయ్యి పట్టుకొని ఎక్కిస్తవు."

రాజకీయాల్లో ముసలివాళ్లను దించడమే తప్ప ఎక్కించడం ఆయన చూడలేదు. పెద్దమ్మ ఏదో లోతైన మాటే అన్నదనుకొని ఊపు తెచ్చుకున్నాడు. డ్రైనేజీ గురించి, దోమల గురించి, డివిజన్ భవిష్యత్తు గురించి చెబుతూనే ఉన్నాడు. కట్టమ్మ వీపు వెనక, అద్దం అవతల, ములుగు బస్సు వచ్చింది. హారన్ కొట్టింది. సిలికాన్ చాలా మంచి కంపెనీది. జనం ఎక్కారు, బస్సు కదిలింది. రాంచందర్ అదంతా చూశాడు కూడా. ప్రసంగం మధ్యలో బస్సు గురించి ప్రస్తావించడం పద్ధతి కాదని ఊరుకున్నాడు.

కట్టమ్మ బయటికొచ్చి రోడ్డు చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఓ నీ బాంచెను, బస్సేది?"

మర్నాటికి ఆ వార్త ములుగు దారి ఊళ్లన్నిటికీ చేరింది. అండ్ల కూసుంటే బస్సు దొరకదు.

*

సోమవారం రానే వచ్చింది. పొద్దున్నుంచి రాంచందర్ ఖాళీ కుర్చీల ముందు కూర్చొని ఉన్నాడు. రోడ్డవతల నిండు జనం. ఎండకు కొంగులు, కండువాలు, టిఫిన్ బాక్సులు నెత్తిన పెట్టుకొని నిలబడ్డారు. ఇవతల ఒక పెద్దమనిషి, ఏసీ, ఎనిమిది కుర్చీలు. రాజేశ్వర్ రావు నుంచి ఫోనొచ్చింది: "కాజీపేట దాటాం. జనం ఉన్నారుగా?"

"మస్తుగున్నరు సార్." అబద్ధం కాదు. ఉన్నారు. రోడ్డవతల.

"ఇప్పుడేంజేస్తరు?" అంది యమున, తలుపు దగ్గర నిలబడి.

"జనాన్ని లోపటికి తెస్త."

"రాకుంటే?"

రాంచందర్ కుర్చీలోంచి లేచాడు. ఇరవై ఏళ్లు మైకు పరీక్షించి పరీక్షించి, తీరా మాట్లాడే వంతు వచ్చేసరికి జనం రోడ్డవతలికి పోయారు. ఇది ఇంకొకడికి జరిగి ఉంటే దీని మీద పది జోకులు వేసేవాడు. తనకు జరిగింది కనుక ఒక్కటే వేసుకున్నాడు: "యమునా, నా జనబలం మంచిగనే ఉన్నది. జనమొక దిక్కు, బలమొక దిక్కు."

రోడ్డు దాటాడు. "అందరు లోపటికి రాండ్లి. ఏసీ ఉన్నది, చాయ్ చెప్పిన."

ఒక్క కాలు కదల్లేదు. కట్టమ్మ ముందుకొచ్చింది.

"సారూ, నువ్వు మంచోనివి. నిన్నేమన్న అంటె కండ్లు పోతయి. కని, గీ అద్దాలు ఎవడు పెట్టిచ్చిండో వాని ఇల్లు కూల! ఆడోళ్లం, ముసలోళ్లం, ఎండల మాడి సస్తానం. నీకు రూము కట్టిచ్చుడు మంచిదే, మా నీడెందుకు తీసిండ్లు? నువ్వన్న పైకి చెప్పవా?"

"అవు సార్, మీరు అడిగితే వింటరు" అన్నాడు పాపిడి పంతులు.

"మీరు ముందల నిలబడుండ్లి, మేమంత మీ ఎన్కాల ఉంటం" అంది నర్సమ్మ.

మేమంతా మీ వెనకాల ఉంటాం. ఆ మాట కోసం రాంచందర్ ఇరవై ఏళ్లు ఎదురు చూశాడు. తీరా వినబడేసరికి, ఎవరికి వ్యతిరేకంగా అన్నది చిన్న విషయమైపోయింది. చౌరస్తా దగ్గర తెల్ల కారు మలుపు తిరుగుతోంది. రాంచందర్ ఒకసారి కారును చూశాడు, ఒకసారి తన ఇంటిని చూశాడు, పిడికిలి గాల్లోకి లేపాడు.

"అద్దం మాకు అడ్డం!"

"తీసేదాక తగ్గం!" అంది జనం. ప్రాస దానంతటదే వచ్చింది.

నడిరోడ్డు దాటి ఊరేగింపు రాంచందర్ ఇంటి ముందుకొచ్చింది. ముందు రాంచందర్, వెనక గంపలు, టిఫిన్ బాక్సులు, దువ్వెనలు. "అద్దాలు పెట్టినోడు..." అని రాంచందర్ ఎత్తుకున్నాడు. "డౌన్ డౌన్!" అని దద్దరిల్లింది. అంత గట్టిగా జనం తన కోసం ఎన్నడూ అరవలేదు. ఆయన ఛాతీ ఉబ్బింది.

"వాని పేరేంది సార్? పేరు పెట్టి తిడ్దాం" అన్నాడు పంతులు.

"పేర్లు వద్దు. వ్యక్తిగత దూషణ నాకు పడది."

అద్దాల్లో ఆ ఊరేగింపు మూడింతలై కనిపించింది. రాంచందర్ ఇల్లింకా ముందుందనుకొని, గుంపును చూసి కారు దిగిన రాజేశ్వర్ రావు నోరు తెరుచుకొని చూశాడు. ఒక వైపు చూస్తే జనం, ఇంకో వైపు చూస్తే ఇంకా జనం.

"రాంచందర్ గారూ! ఇంత ఫాలోయింగ్ ఉందని మాకు రిపోర్ట్ లేదే! ఏమిటి సమస్య?"

"ప్రజల నీడను ఎవలో ఆక్రమించిండ్లు సార్. నేను ప్రజల దిక్కు."

"శభాష్. ఇల్లు ఎవరిది?"

రాంచందర్ ఎన్నో అడ్డ ప్రశ్నలకు అడ్డగోలు జవాబులు చెప్పినవాడు. దీనికి మాత్రం గొంతు దగ్గర సిలికాన్ కొట్టినట్టయింది. లోపలి నుంచి యమున వచ్చి మెట్ల మీద నిలబడింది.

"నా ఇల్లు సార్" అంది. "తీసేస్తానం. మొగిలిని పిలిచిన."

మొగిలి నిజంగానే సందు చివర టూల్స్ సంచితో నిలబడి ఉన్నాడు. బిగించడానికి రోజులు తీసుకున్నవాడు విప్పడానికి పావుగంట కూడా తీసుకోలేదు. ఒక్కో అద్దం కిందికి దిగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. ప్లైవుడ్ ఊడింది, పాత అరుగులు బయటపడ్డాయి. కుర్చీలు రోడ్డున పడ్డాయి. జనం చెప్పులతోనే ఎక్కి, ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. గాలి అటు నుంచి ఇటు పోయింది. కట్టమ్మ గంప దించి "అమ్మయ్య" అంది. రాంచందర్ ఆమె పక్కన, అరుగు అంచున కూర్చున్నాడు. వాళ్ల నాయిన పోయిన తర్వాత ఆ అరుగు మీద కూర్చోవడం అదే మొదలు.

రాజేశ్వర్ రావు ముగ్ధుడైపోయాడు. "ఇంక సుదర్శన్ ఆఫీసుకు వెళ్లడం అనవసరమనుకుంటా. ఫార్మాలిటీకి ఒక్క మాట." కట్టమ్మ వైపు వంగాడు. "అమ్మా, ఈయన ఎవరో తెలుసా?"

"ఎందుకు తెల్వది?" కట్టమ్మకు కోపం వచ్చింది. "పదేండ్ల సంది రోజు సూస్తాన. సారు లేకుంటె మాకు తెల్లారదు."

"మీ నాయకుడా?"

"నాయకులెందుకొస్తరు బిడ్డా మా కాడికి? గీన ములుగు బస్సు కంట్రోలర్ సారు. బస్సును ముందల్కి ఆపిచ్చి, దండం బెట్టి మరీ ఎక్కిస్తడు. గసొంటి ఆఫీసరు ఏ బస్టాండ్ల లేడు."

"చాలా డిసిప్లిన్ ఉన్న మనిషి సార్" అని పంతులు సాక్ష్యం చెప్పాడు.

రాజేశ్వర్ రావు రాంచందర్ వైపు తిరిగాడు. రాంచందర్ ఏదో అనబోయాడు. అప్పుడే హారన్ వినిపించింది.

వరండా మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది.

రాంచందర్ కూడా లేచాడు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. జనం ఆయన్ని దాటుకుంటూ పోయి బస్సెక్కారు. బస్సు పోయింది. వరండాలో పరిశీలకుడు, దంపతులిద్దరూ, ఒక టమాటా మిగిలారు. రాజేశ్వర్ రావు టైము చూసుకొని, సుదర్శన్ ఆఫీసుకు దారెటని అడిగాడు. రాంచందర్ చెయ్యూపి చూపించాడు, ముందుకు, ముందుకు.

*

టికెట్ సుదర్శన్‌కు వచ్చింది. సోఫా మీద ప్లాస్టిక్ కవర్ తీసేశారని వినికిడి.

మర్నాడు పొద్దున యమున ఇస్త్రీ బట్టలు మంచం మీద పెట్టింది. ఎనిమిదిన్నరకు రాంచందర్ బయటికొచ్చాడు. వరండా నిండా జనం. ఆయన్ని చూసి ఎవరూ లేవలేదు. పంతులు కాస్త జరిగి చోటిచ్చాడు.

"సారూ" అంది కట్టమ్మ, "నిన్న పొద్దుమీకి తిరుగు బస్సు మస్తు లేటాయె. జర పైకి చెప్పవా?"

ఇరవై ఏళ్ల రాజకీయ జీవితంలో ఆయన చేతికి అందిన మొట్టమొదటి ప్రజా సమస్య అది. రాంచందర్ కండువా సర్దుకున్నాడు.

"చెప్త పెద్దమ్మా. ఇయ్యాలనే మాట్లాడ్త."

హారన్ వినిపించింది. అందరూ లేచారు. ఆయన మెట్లు దిగి చెయ్యూపాడు, బస్సు ముందుకు పోయి ఆగింది. కట్టమ్మ గంపకు చెయ్యందించాడు. ఆఖరి మనిషి ఎక్కాక, తలుపు పక్కన యమున చూస్తుండగా, బస్సు పక్క రేకు మీద రెండు దెబ్బలు వేశాడు.

"రైట్... రైట్!"

బస్సు కదిలింది.